కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ఆఫ్‌లైన్, కెమెరాలు మాయం. ఇంట్లో ఐపీ నంబర్లు ఎలా సర్దుకోవాలి?

బ్రాడీపేట_ఇల్లు:

నమస్కారం అండీ. మాది గుంటూరు. ఇంటి ముందు గదిలో నాన్న జిరాక్స్ షాపు నడుపుతారు, వెనక అమ్మా నాన్నా ఉంటారు, మేడ మీద నేనూ మా ఆవిడా పిల్లలూ. నెట్ కనెక్షన్ మాత్రం ఒక్కటే. ఫైబర్ బాక్స్ షాపు గోడకి ఉంది, దాని నుంచి ఒక కేబుల్ చిన్న 5 పోర్టుల స్విచ్‌కి వెళ్తుంది, ఆ స్విచ్‌కే షాపు కంప్యూటరూ, ప్రింటరూ, కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆరూ తగిలించి ఉన్నాయి. స్లాబ్ దాటి వైఫై పైకి రావడం లేదని మొన్న సంక్రాంతికి ఒక కొత్త రౌటర్ కొని, స్విచ్ నుంచి కిటికీ పక్కగా కేబుల్ లాగి పైన పెట్టాను. రౌటర్ వెనక పసుపు రంగు పోర్టులో పెట్టమని తెలిసినాయన ఒకరు చెబితే అలాగే పెట్టాను.

అప్పటి నుంచి మొదలైంది. షాపు కంప్యూటర్‌లో ప్రింటర్ ఉన్నట్టుండి ఆఫ్‌లైన్ అంటుంది. పైన ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది కానీ ఇంటర్నెట్ లేదు అంటుంది, రెండు మూడు సార్లు వైఫై ఆపి వేస్తే ఒక్కోసారి వస్తుంది. కెమెరాల యాప్ తెరిస్తే డీవీఆర్ కనబడదు, గంట తరవాత దానంతట అదే వస్తుంది. ఎక్కువగా కరెంటు పోయి వచ్చాకే ఇలా అవుతోంది. మొన్న పరీక్షల హాల్ టికెట్ల రోజు షాపులో పన్నెండు మంది పిల్లలు నిలబడి ఉండగా ప్రింటర్ మొండికేసింది, నాన్న చేతులు వణకడం చూశాను. ఆయనకి అరవై ఆరేళ్లు, ప్రతిసారీ నాకు కాలేజీకి ఫోన్ చేసి ఏం నొక్కాలి అని అడుగుతారు, నేను క్లాసులో ఉంటాను.

నెట్ వేసినాయన వచ్చి చూసి నీ రౌటర్‌దే తప్పు అన్నాడు. రౌటర్ కొన్న షాపులో అడిగితే బాక్స్‌ది తప్పు అన్నారు. ఒక స్నేహితుడు అన్నిటికీ స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా చేత్తో పెట్టే నంబర్, ఇచ్చేయ్, ఇక గొడవ ఉండదు అన్నాడు. ఫోన్లు ఆరు, టీవీలు రెండు, ల్యాప్‌టాప్‌లు రెండు, షాపు కంప్యూటర్, ప్రింటర్, డీవీఆర్. అన్నిటికీ చేతితో నంబర్లు ఇవ్వాలా? ఇస్తే ఏ నంబర్లు ఇవ్వాలి? ఇంకో అనుమానం, పక్కింటి వాళ్ల బాక్స్ మీద కూడా మాలాగే 192.168.1.1 అనే రాసి ఉంది. దానివల్ల ఏమైనా గొడవా?

---

రాత్రి_డ్యూటీ:

అన్నిటికీ స్టాటిక్ ఇవ్వకండి. ముందు ఏం జరుగుతోందో చూద్దాం, చూడకుండా నంబర్లు మారిస్తే ఉన్న చిక్కు ఇంకా బిగుసుకుంటుంది.

పక్కింటి సంగతి మరిచిపోండి. 192.168 తో మొదలయ్యేవి, 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి, ఈ మూడు గుంపులూ ఎవరి ఇంట్లో వాళ్లు వాడుకోవడానికి విడిచిపెట్టిన నంబర్లు. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో అలా తేల్చారు. మీ ఇంటి గోడ దాటి అవి బయటికి పోవు. ప్రతి వీధిలోనూ ఒకటో నంబర్ ఇల్లు ఉన్నట్టే.

నాకు మూడు సంగతులు కావాలి.

ఒకటి, షాపు కంప్యూటర్ బాగా పనిచేస్తున్నప్పుడు ఒకసారి, పాడైనప్పుడు ఒకసారి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అనే వరుసా, దాని కింద డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసా రెండూ రాసి పెట్టుకోండి. రెండోదే నాకు ముఖ్యం, కంప్యూటర్‌కి నంబర్ ఇచ్చింది ఎవరో అది చెబుతుంది. రెండు, కొత్త రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఏ అడ్రస్ రాసి ఉంది? మూడు, డీవీఆర్ మెనూలో నెట్‌వర్క్ పేజీ తెరిస్తే దానికి నంబర్ చేత్తో ఇచ్చి ఉందా, లేక డీహెచ్‌సీపీ దగ్గర టిక్ ఉందా?

ఇంకొకటి కూడా గమనించండి. కరెంటు కాసేపు పోయినప్పుడు ఏది పాడవుతోంది, ఎక్కువసేపు పోయినప్పుడు ఏది పాడవుతోంది?

---

బ్రాడీపేట_ఇల్లు:

నాలుగు రోజులు చూసి రాస్తున్నాను. ఆలస్యానికి ఏమనుకోకండి.

బాగున్నప్పుడు కంప్యూటర్ నంబర్ 192.168.1.7, డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.1.1. నిన్న పాడైనప్పుడు చూస్తే నంబర్ 192.168.0.103, డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.0.1. కొత్త రౌటర్ స్టిక్కర్ మీద ఉన్నది కూడా 192.168.0.1 అండీ! డీవీఆర్‌లో నంబర్ చేత్తో ఇచ్చి ఉంది, 192.168.1.108. కెమెరాలు బిగించినప్పుడు ఉన్నదే, మేమేం మార్చలేదు.

మీరు అడిగిన చివరి ప్రశ్నకి నేనే ఆశ్చర్యపోయాను. ఫైబర్ బాక్స్‌కి చిన్న యూపీఎస్ ఉంది, అరగంట దాకా ఆగుతుంది. మిగతా వాటికి లేదు. పది నిమిషాలు కరెంటు పోతే కెమెరాలు పోతున్నాయి, ప్రింటర్ బాగానే ఉంటోంది. గంటా రెండు గంటలు పోతే ప్రింటరూ, పైన ఫోన్లూ పోతున్నాయి. ఇన్నాళ్లూ అంతా ఒకటే రోగం అనుకున్నాను.

---

రాత్రి_డ్యూటీ:

రెండు రోగాలు. రెండూ ఇప్పుడు స్పష్టంగా కనబడుతున్నాయి, కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఏ ఫోనైనా కంప్యూటరైనా వైరుకో వైఫైకో తగలగానే ముందు చేసే పని గట్టిగా కేకవేయడం: నాకో నంబర్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఆ వైరు మీద ఉన్న అందరికీ ఆ కేక వినబడుతుంది. నంబర్లు ఇచ్చే పని ఎవరిదో వాళ్లు ఇదిగో ఇది తీసుకో అంటారు, ఇది సరే నాకే రాయండి అని ఫోన్ అంటుంది, రాశాను అని జవాబు వస్తుంది. ఈ నాలుగు మాటల తంతుకే డీహెచ్‌సీపీ అని పేరు. ఆ నంబర్‌తో పాటే బయటికి పోవడానికి దారి ఏది, ఎంతసేపు ఈ నంబర్ నీది అన్నవి కూడా చెబుతారు.

పెళ్లి విడిదిలో గదుల తాళాలు ఒకరి దగ్గరే ఉండాలి. ఇద్దరి దగ్గర ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరు పంచితే ఏమవుతుందో మీకు తెలుసు. మీ ఇంట్లో ఫైబర్ బాక్సూ తాళాలు పంచుతోంది, పైన కొత్త రౌటరూ పంచుతోంది. మీ రౌటర్‌లో పసుపు పోర్టు అంటే లాన్ పోర్టు, ఇంట్లో వస్తువులు తగిలించేది, అక్కడ పెట్టడం తప్పు కాదు, నిజానికి మీ ఇంటికి అదే సరైన పద్ధతి. కానీ అలా పెట్టేటప్పుడు ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపాలి. అది చెప్పడం ఆయన మరిచిపోయారు.

మామూలు రోజుల్లో ఎందుకు బాగుంటుందంటే, నంబర్ దొరికిన వస్తువు గడువు సగం కాగానే, తనకి నంబర్ ఇచ్చినవాళ్లనే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. గడువు 24 గంటలైతే 12 గంటలకి. అప్పుడు కేక వేయదు కాబట్టి రెండోవాడికి అవకాశం రాదు. కరెంటు ఎక్కువసేపు పోయి బాక్స్ కూడా ఆగిపోయాక మళ్లీ వస్తే అన్నీ ఒకేసారి లేచి కేకలు వేస్తాయి. ఫైబర్ బాక్స్ పూర్తిగా లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పైన రౌటర్ అంతకంటే ముందే లేస్తుంది. ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల నంబరే. పైన రౌటర్ ఇచ్చిన నంబర్‌తో బయటికి దారి కూడా 192.168.0.1 అనే వస్తుంది, బయటి నెట్ లైను తగిలించే దాని వాన్ పోర్టులో ఏమీ లేదు, అందుకే వైఫై నిండుగా ఉండి ఇంటర్నెట్ సున్నా. ప్రింటర్‌కి 192.168.0 నంబర్, కంప్యూటర్‌కి 192.168.1 నంబర్ వచ్చిన రోజున ఒకే స్విచ్‌కి పక్కపక్కనే ఉండి కూడా ఒకదానికొకటి కనబడవు. మీ ప్రింటర్‌కి ఏ జబ్బూ లేదండీ, నాన్నగారికి ముందు ఆ మాట చెప్పండి.

కెమెరాలది రెండో రోగం. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే వచ్చే బాక్స్ పేజీలో డీహెచ్‌సీపీ రేంజి ఎంత ఉందో చూడండి, 192.168.1.2 నుంచి 254 దాకా ఉండి ఉంటుంది. అంటే డీవీఆర్ కూర్చున్న 108 కూడా బాక్స్ పంచే నంబర్లలో ఉంది. డీవీఆర్ తనంతట తాను ఆ నంబర్ పెట్టుకుంది, బాక్స్‌ని అడగలేదు, కాబట్టి బాక్స్ పుస్తకంలో 108 ఖాళీ. చాలా వస్తువులు నంబర్ పెట్టుకునే ముందు ఇది ఎవరైనా వాడుతున్నారా అని ఒకసారి అడిగి చూస్తాయి, అందుకే డీవీఆర్ మెలకువగా ఉన్నంతసేపూ చాలాసార్లు గండం గడుస్తుంది. కరెంటు పది నిమిషాలు పోయినప్పుడు బాక్స్ యూపీఎస్ మీద బతికే ఉంది, డీవీఆర్ ఆగిపోయింది. ఆ సమయంలో షాపుకి వచ్చినవాళ్ల ఫోన్ ఏదైనా 108 తీసుకుందంటే, డీవీఆర్ లేచేసరికి దాని కుర్చీలో వేరేవాళ్లు ఉంటారు. ఆ ఫోన్ వెళ్లిపోయాక కెమెరాలు వాటంతటవే తిరిగి వస్తాయి. షాపు వైఫై కస్టమర్లకి ఇస్తున్నారా?

ఇది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. ఈసారి కెమెరాలు పోయినప్పుడు డీవీఆర్ నెట్ కేబుల్ పీకేసి, కంప్యూటర్ నుంచి పింగ్ 192.168.1.108 కొట్టండి. కేబుల్ పీకినా జవాబు వస్తోందంటే అక్కడ ఇంకొకరు ఉన్నారు. వెంటనే ఏఆర్‌పీ -ఏ (arp -a) కొడితే ఆ ఇంకొకరి మ్యాక్ అడ్రస్, అంటే ఆ వస్తువు తన గుర్తుగా చెప్పుకునే నంబర్, కూడా కనబడుతుంది, డీవీఆర్ స్టిక్కర్ మీద ఉన్నదానితో పోల్చుకోవచ్చు.

ఇక మందు. ముందు పైన రౌటర్. స్విచ్ నుంచి వచ్చే కేబుల్ పీకేసి, ల్యాప్‌టాప్‌ని ఆ రౌటర్‌కి మాత్రమే తగిలించి 192.168.0.1 తెరవండి. లాన్ సెట్టింగుల్లో దాని సొంత అడ్రస్ 192.168.1.2 గా మార్చండి. అది ఆగి లేస్తుంది. ఇప్పుడు 192.168.1.2 తెరిచి డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేయండి. ఈ వరుస తప్పకండి, ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి నంబర్ ఇచ్చేవాళ్లు లేక పేజీ తెరుచుకోదు, కంగారు పడతారు. అలా అయితే ల్యాప్‌టాప్‌కి తాత్కాలికంగా చేత్తో ఒక నంబర్ ఇచ్చుకుని లోపలికి వెళ్లాలి. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది నొక్కితే ఇదంతా అదే చేసుకుంటుంది, కానీ అప్పుడు ఆ రౌటర్ కూడా బాక్స్ దగ్గరే నంబర్ అడుగుతుంది, తరవాత దాని పేజీ తెరవాలంటే ఆ నంబర్ ఏదో బాక్స్ లిస్టులో వెతుక్కోవాలి. నాకు చేత్తో చేయడమే ఇష్టం, ఏం చేశామో గుర్తుంటుంది.

తరవాత బాక్స్. రేంజిని 192.168.1.150 నుంచి 192.168.1.250 దాకా కుదించండి. నూటొక్క నంబర్లు, మీ ఇంటికీ షాపుకీ చాలు. 149 దాకా ఉన్నవి ఇక బాక్స్ ముట్టుకోదు. డీవీఆర్‌ని 108 లోనే ఉండనివ్వండి, బాగా పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకు. ప్రింటర్‌కి మాత్రం బాక్స్‌లో రిజర్వేషన్ చేయండి: దాని మ్యాక్ అడ్రస్ రాసి, ఇది ఎప్పుడు అడిగినా 192.168.1.10 ఇవ్వు అని. కొన్ని బాక్సులు రేంజి లోపలి నంబర్‌కే రిజర్వేషన్ ఒప్పుకుంటాయి, అలా అంటే 150 ఇవ్వండి, తేడా లేదు. ఫోన్లూ టీవీలూ ల్యాప్‌టాప్‌లూ ఏ నంబర్ తీసుకున్నా మీకు అక్కర్లేదు, వాటిని అలాగే వదిలేయండి. వెతుక్కుంటూ ఎవరైనా వచ్చే వస్తువుకే నంబర్ మారకూడదు. మీ ఇంట్లో అలాంటివి మూడే: ప్రింటర్, డీవీఆర్, పైన రౌటర్.

---

తీగలపని:

రాజమండ్రిలో కెమెరాలు బిగించే పని చేస్తానండి. పైన చెప్పినాయన చెప్పింది అంతా కరెక్టే, ఒక్క ప్రింటర్ దగ్గర నేను ఒప్పుకోను. రిజర్వేషన్ బాక్స్‌లో ఉంటుంది, బాక్స్ మీది కాదు, నెట్ వేసినవాళ్లది. వాళ్లు రేపు బాక్స్ మార్చినా, ఏదో కంప్లయింట్ మీద రీసెట్ కొట్టినా మీరు రాసిన రిజర్వేషన్లూ, కుదించిన రేంజీ మొత్తం పోతాయి. మాకు ఇది రోజూ ఉన్నదే. చాలా చోట్ల బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా కస్టమర్‌కి ఇవ్వరు, ఇచ్చినా ఆ పేజీలో రిజర్వేషన్ కనబడదు. అందుకని ప్రింటర్ ప్యానెల్ లోనే 192.168.1.10, మాస్క్ 255.255.255.0, గేట్‌వే (బయటికి దారి) 192.168.1.1 అని కొట్టేయడం నయం. ప్రింటర్ చచ్చేదాకా అక్కడే ఉంటుంది.

డీవీఆర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఒక నంబర్‌తో వస్తుంది, 108 అలాంటిదే. బిగించేవాళ్లు తొందరలో దాన్ని అలాగే వదిలేస్తారు. నేను కూడా మొదట్లో చాలా ఇళ్లలో అలాగే వదిలేసి వచ్చాను, మూడో నెలలో ఫోన్ వచ్చేది. ఇప్పుడు బిగించిన రోజే బాక్స్ పేజీ తెరిపించి రేంజి చూసి కానీ కదలను. బాక్స్ తెరవనివ్వకపోతే 250 పైన ఒక నంబర్ పెడతాను, చాలా బాక్సులు కింద నుంచి పంచుకుంటూ వస్తాయి కాబట్టి అక్కడిదాకా రావడం అరుదు. అది పూర్తి మందు కాదు, కానీ ఏమీ లేనిదానికంటే మేలు.

ఇంకో మాట. డీవీఆర్‌కి కూడా ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి. నంబర్ల గొడవ ఒక్కటే కాదు, కరెంటు అలా పోయి అలా వస్తుంటే లోపల హార్డ్ డిస్క్ పాడవుతుంది.

---

రాత్రి_డ్యూటీ:

తీగలపని గారూ, మీరన్నది నిజం, బాక్స్ పేజీ చేతిలో లేనివాళ్లకి అదొక్కటే దారి. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉంది. కొత్త బాక్స్ 192.168.1.1 తో వస్తుందని గ్యారంటీ లేదు. 192.168.29.1 తో వచ్చేవి ఉన్నాయి, 192.168.100.1 తో వచ్చేవి ఉన్నాయి. అలా మారిన రోజున చేత్తో నంబర్ పెట్టినవన్నీ పాత వీధిలోనే ఉండిపోతాయి, ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి మార్చాలి. రిజర్వేషన్ మీద ఉన్న ప్రింటర్ అయితే కొత్త బాక్స్ దగ్గర ఏదో ఒక నంబర్ తీసుకుని కనీసం నెట్‌వర్క్‌లో కనబడుతుంది. నాన్నగారు ఒంటరిగా షాపులో ఉన్నప్పుడు ఏది నయం అన్నది చూస్తే నేను రిజర్వేషన్ వైపే ఉంటాను. బాక్స్ లోపలికి వెళ్లలేకపోతే మాత్రం మీరు చెప్పిందే చేయాలి.

---

హన్మకొండ_వైఫై:

అన్నా, నేను కూడా ఒకటి చెప్తా. మా ఇంట్లో సాయంత్రం ట్యూషన్ చెప్తాను, పిల్లలకి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను. మా రౌటర్‌లో రేంజి 32 నంబర్లే ఉండేది, గడువు ఏమో మూడు రోజులు. రోజూ కొత్త పిల్లలు, కొత్త ఫోన్లు. ఎవరు వెళ్లిపోయినా వాళ్ల నంబర్ మూడు రోజులు వాళ్ల పేరు మీదే ఉండేది. ఒక వారం మా ఇంట్లో టీవీకే నంబర్ దొరకలేదు, ఫోన్‌లో అయితే ఐపీ అడ్రస్ తీసుకుంటున్నాం అని తిరుగుతూనే ఉండేది. రౌటర్ ఆపి వేస్తే లిస్టు మరిచిపోయి మళ్లీ మొదలయ్యేది, అందుకని ఎవరికీ అసలు కారణం తట్టలేదు. గడువు రెండు గంటలకి తగ్గించాక మళ్లీ ఆ బాధ లేదు. షాపు ఉంది కాబట్టి మీకు కూడా ఇది పనికొస్తుంది.

ఇంకోటి, నేను మా చిన్నోడి ఫోన్‌కి రిజర్వేషన్ చేసి, రాత్రి పది తరవాత నెట్ ఆగేలా పెడితే పని చేయలేదు. తరవాత తెలిసింది, ఇప్పటి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పవట, ప్రతి వైఫైకీ ఒక దొంగ అడ్రస్ తయారు చేసి చెప్తాయట. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఇలా ఉంది. నేను రాసింది సెట్టింగుల్లో కనబడే అసలుది, ఫోన్ చెప్పేది వేరేది. ఆ వైఫై పేరు పక్కన ప్రైవసీ అని ఉంటది, అక్కడ ఫోన్ మ్యాక్ వాడు అని మార్చాక కుదిరింది. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది తయారు చేసిందే అని గుర్తు.

---

రాత్రి_డ్యూటీ:

చాలా మంచి సంగతి చెప్పారు అక్కా. బ్రాడీపేట గారూ, షాపుకి వచ్చేవాళ్ల కోసం బాక్స్‌లో గెస్ట్ వైఫై ఉంటే అది తెరిచి ఆ పాస్‌వర్డే ఇవ్వండి. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఊళ్లో అందరి ఫోన్లలో ఉండటం మంచిది కాదు, మీ డీవీఆర్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉంది. గెస్ట్ వైఫై బాక్స్‌లోనే పెట్టండి, పైన రౌటర్‌లో కాదు. డీహెచ్‌సీపీ ఆపి లాన్ పోర్టులో పెట్టిన రౌటర్‌లో గెస్ట్ వైఫై చాలాసార్లు పేరుకే, లోపలి వస్తువులన్నీ కనబడతాయి.

---

బ్రాడీపేట_ఇల్లు:

ఆదివారం షాపు మూసి అన్నీ చేశాను. ఎలా జరిగిందో రాస్తాను, నాలాంటివాళ్లకి పనికొస్తుంది.

ముందు మీరు చెప్పిన పింగ్ పరీక్ష. శుక్రవారం పదిహేను నిమిషాలు కరెంటు పోయింది, రాగానే కెమెరాలు లేవు. నాన్నతో ఫోన్‌లో చెప్పించి డీవీఆర్ కేబుల్ పీకించాను, అయినా 108 నుంచి జవాబులు వస్తూనే ఉన్నాయి! ఏఆర్‌పీ లిస్టులో ఉన్న అడ్రస్ డీవీఆర్‌ది కాదు, రెండో అక్షరం 6. అంటే ఎవరిదో ఫోన్. మాకు రోజూ కాగితాలు తెచ్చే అబ్బాయి బండి ఎక్కి వెళ్లగానే జవాబులు ఆగిపోయాయి. ఇన్ని నెలలు దేని కోసం తిట్టుకున్నామో కళ్లారా చూశాం.

పైన రౌటర్ దగ్గర నేను వరుస తప్పాను. తొందరలో ముందే డీహెచ్‌సీపీ ఆపేశాను. ల్యాప్‌టాప్ 169.254 తో మొదలయ్యే నంబర్ చూపించింది, పేజీ తెరుచుకోలేదు, అరగంట టెన్షన్ పడ్డాను. ఆ తరవాత మీ మాట గుర్తొచ్చి ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.0.50 ఇచ్చుకుంటే తెరుచుకుంది. అడ్రస్ 192.168.1.2 చేసి, ల్యాప్‌టాప్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చి, పసుపు పోర్టులోనే కేబుల్ పెట్టాను.

బాక్స్ పాస్‌వర్డ్ కోసం నెట్ ఆయనకి నాలుగు సార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది, చివరికి ఇచ్చాడు. రేంజి 2 నుంచి 254 దాకానే ఉంది, మీరు అన్నట్టే. 150 నుంచి 250 చేశాను, గడువు 24 గంటలు ఉంటే నాలుగు గంటలు చేశాను. గెస్ట్ వైఫై తెరిచాను. రిజర్వేషన్ పేజీ ఉంది కానీ 10 ఒప్పుకోలేదు, 150 ఇచ్చాను, తీసుకుంది.

ఇన్ని చేశాక కూడా ప్రింటర్ ఆఫ్‌లైన్ అనే అంటోంది. ఏం చేయాలి? కంప్యూటర్ నుంచి 150 కి పింగ్ చేస్తే జవాబు వస్తోంది.

---

రాత్రి_డ్యూటీ:

కంప్యూటర్‌కి ఇంకా పాత నంబరే గుర్తుంది. విండోస్‌లో ఆ ప్రింటర్ మీద ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ అనే ట్యాబ్‌కి వెళ్లండి. టిక్ ఉన్న వరుసలో పాత నంబర్ కనబడుతుంది. యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని 192.168.1.150 ఇవ్వండి, టిక్ దాని మీదికి మార్చండి. ప్రింటర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. లైన్‌లో ఇరుక్కున్న పాత ప్రింట్లు ముందు క్యాన్సిల్ చేయండి, లేదంటే అన్నీ ఒకేసారి బయటికొచ్చి కాగితాలు దండగ.

---

తీగలపని:

ఒక చిన్న సంగతి, ప్రింటర్‌కి కూడా ఆ 169.254 నంబర్ వచ్చే అవకాశం ఉంది. కరెంటు వచ్చాక ప్రింటర్ ముందే లేచి అడుగుతుంది, బాక్స్ అప్పటికి లేవదు. ఇప్పుడు పైన రౌటర్ జవాబివ్వదు కాబట్టి ఎవరూ లేరని తనకి తానే ఒక నంబర్ పెట్టుకుంటుంది. చాలా ప్రింటర్లు కాసేపు ఆగి మళ్లీ అడుగుతాయి, కొన్ని పాత మోడళ్లు అడగవు. అలా జరిగితే నాన్నగారికి ఒక్కటే చెప్పండి, బాక్స్ మీద లైట్లన్నీ పచ్చగా అయ్యాకే ప్రింటర్ స్విచ్ వేయమని. అదీ కుదరకపోతే నేను చెప్పినట్టు ప్రింటర్‌లోనే నంబర్ కొట్టేయండి, 149 లోపు.

---

బ్రాడీపేట_ఇల్లు:

పోర్ట్ మార్చగానే టెస్ట్ పేజీ వచ్చింది. నాన్న ఆ కాగితం తీసి చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

పన్నెండు రోజులైంది. ఈ మధ్యలో మూడు సార్లు చిన్నగా, ఒకసారి రెండు గంటల పైన కరెంటు పోయింది. కెమెరాలు ఒక్కసారి కూడా పోలేదు. పైన ఫోన్లు బాగున్నాయి, కింద నుంచి పైకి వచ్చినా నెట్ తెగడం లేదు, రెండు వైఫైలకీ ఒకే పేరూ ఒకే పాస్‌వర్డూ పెట్టాను. రెండు గంటలు పోయిన రోజున మాత్రం తీగలపని గారు చెప్పినట్టే ప్రింటర్ 169.254 పట్టుకుని కూర్చుంది. దాని ప్యానెల్‌లో నెట్‌వర్క్ పేజీ ఎలా చూడాలో నాన్నకి ముందే చూపించాను కాబట్టి, ఆయనే చూసి ఇందులో 169 అని ఉందిరా అని ఫోన్‌లో చెప్పి, నేను ఏమీ అనకముందే ఆపి వేసుకున్నారు. అయినా ఆ సాయంత్రమే ప్రింటర్‌లో 192.168.1.10 చేత్తో పెట్టేశాను, కంప్యూటర్‌లో పోర్ట్ కూడా మార్చాను. రాత్రి_డ్యూటీ గారు ఏమీ అనుకోవద్దు, మా కరెంటుకి అదే కుదిరింది. డీవీఆర్‌కి యూపీఎస్ ఈ నెల కొంటాను.

ఒక అట్ట మీద మార్కర్‌తో బాక్స్ 1, పైన రౌటర్ 2, ప్రింటర్ 10, డీవీఆర్ 108, మిగతావి 150 నుంచి 250 అని రాసి, దాని కిందే బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డూ ఇంటి వైఫై పాస్‌వర్డూ రాసి బాక్స్ పక్కన గోడకి అంటించాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

---

రాత్రి_డ్యూటీ:

అనుకోవడానికేముందండీ, ప్రింటర్ మీ ముందు ఉంది, చూసి తేల్చుకున్నారు. అదే సరైనది. ప్రింటర్‌ని చేత్తో పెట్టారు కాబట్టి బాక్స్‌లో 150 రిజర్వేషన్ ఇక తీసేయవచ్చు.

---

తీగలపని:

అట్ట మంచి పని, కానీ పాస్‌వర్డ్‌లు ఉన్న ముక్క కత్తిరించి లోపల బీరువాలో పెట్టండి. ఆ గోడ కస్టమర్లకి ఎదురుగా ఉంటుంది కదా. నంబర్లు ఉన్న ముక్క అలాగే ఉండనివ్వండి, నెట్ ఆయన బాక్స్ మార్చడానికి వస్తే ముందు అది చూపించి, ఇలాగే పెట్టి వెళ్లమనండి.